గల్లంతైనవారి కోసం ఒక అర్జీ, ఒక రాయి: నా అనుభవం

వేటకెళ్లి తుపానులో చిక్కుకున్న మనిషి శవమై ఒడ్డుకు కొట్టుకొస్తే కాగితాలు ఒక దారిలో నడుస్తాయి. మనిషి దొరక్కపోతే ఆ దారే లేదు. రేషన్ కార్డులో పేరుంటుంది, ఓటర్ల జాబితాలో పేరుంటుంది, బ్యాంకు ఖాతా అతని పేరునే ఉంటుంది. ఇంట్లో మాత్రం పెద్దకర్మ కూడా అయిపోయి ఉంటుంది. చట్టం లెక్కలో అతను చనిపోయినట్టు అనుకోవాలంటే ఏడేళ్లు గడవాలి. పాత సాక్ష్య చట్టంలో ఇది 108వ సెక్షన్. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 111వది. అంకె మారింది, ఏడేళ్లు మారలేదు.

నెల్లూరు, ప్రకాశం తీరంలోని పట్టపుపాలేల్లో, అంటే మత్స్యకారుల ఊళ్లలో, ఈ పని మీద తిరిగినవాళ్లలో నేనొకణ్ణి. మేం అడిగినవి రెండే. గల్లంతైనవాళ్ల విషయంలో ఏడేళ్లు ఆగకుండా పరిహారం ఇచ్చే పద్ధతి రావాలి, దానికి మా ప్రజాప్రతినిధులు సభలో మద్దతివ్వాలి. పోయినవాళ్ల పేర్లతో ఊళ్లో ఒక రాయి నిలబడాలి. రెండూ చిన్న పనుల్లాగే కనిపిస్తాయి. ఇలాంటి పనికి దిగాలనుకునేవాళ్ల కోసం ఏ కాగితం ఎక్కడ ఆగుతుందో, ఎందుకు ఆగుతుందో రాస్తున్నాను.

మొదటి పని నాయకుడి ఇంటికి వెళ్లడం కాదు, పేర్ల పుస్తకం తయారు చేయడం. రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ చాలు. ఒక మనిషికి ఎదురెదురుగా రెండు పేజీలు వదలండి. ఎడమ పేజీలో ఇంటిపేరుతో సహా ఆధార్‌లో ఉన్నట్టే పేరు, దాని కింద రేషన్ కార్డులో ఉన్నట్టు, దాని కింద ఊళ్లో పిలిచే పేరు రాయాలి. ఈ మూడూ వేర్వేరుగా ఉండటం మామూలు. ఊరంతా చిన పోలయ్య అని పిలిచే మనిషి ఆధార్‌లో పోలయ్య, రేషన్ కార్డులో పోలి. తండ్రి పేరూ పోలయ్యే అయితే ఇక చెప్పక్కర్లేదు. తహసీల్దారు ఆఫీసులో ఫైలు మొదట ఆగేది ఇక్కడే. కుడి పేజీలో బోటు రిజిస్ట్రేషన్ నంబరు, ఏ రేవు నుంచి ఏ తేదీన ఎన్ని గంటలకు వేటకు దిగారు, బోటులో ఇంకెవరున్నారు, చివరిసారి ఫోన్ ఎప్పుడు కలిసింది, పోలీసు ఫిర్యాదు నంబరు, భార్య లేదా తల్లి పేరు, వారి బ్యాంకు ఖాతా వివరాలు. చివర్లో ఆ ఇంటివాళ్ల సంతకమో వేలిముద్రో తీసుకోండి. పేరు సభలో చదవడానికీ రాయి మీద చెక్కడానికీ ఒప్పుకుంటున్నట్టు ఒక వాక్యం అక్కడే రాయించుకోండి. ఒప్పుకోని ఇళ్లు ఉంటాయి. కొడుకు ఏ ఒడ్డునో బతికే ఉన్నాడని నమ్మే తల్లి చేత ఆ వాక్యం కింద వేలిముద్ర వేయించకూడదు. ఆ పేజీ అలాగే ఉంచి పక్కింటికి వెళ్లాలి.

శవం దొరికిన కుటుంబాల సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే దారి ఉన్నచోట నడవడమే పని. రాష్ట్ర విపత్తు స్పందన నిధి నుంచి ప్రాణనష్టానికి 4 లక్షల రూపాయలు ఇవ్వాలని 2022-23 నుంచి 2025-26 వరకు వర్తించే కేంద్ర నిబంధనల్లో ఉంది. మరణ కారణాన్ని తగిన అధికారి ధ్రువీకరించాలన్నది షరతు. ప్రధాని సహాయ నిధి నుంచి ఏదైనా ప్రకటిస్తే అది వేరు, ఆపకుండా అడగాలి. కావలసిన కాగితాలు: ఎఫ్‌ఐఆర్, శవ పంచనామా, పోస్ట్‌మార్టం నివేదిక, మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, ఆధార్, పాస్‌బుక్ మొదటి పేజీ. ఫైలు వీఆర్వో నుంచి తహసీల్దారుకు, అక్కణ్ణించి ఆర్డీవోకు, ఆపైన కలెక్టరేట్‌కు వెళుతుంది. పోస్ట్‌మార్టం లేకుండా దహనం చేశారా, అక్కడితో ఫైలు కుంటుతుంది. దుఃఖంలో ఎవరికీ గుర్తుండదు కాబట్టి ఊరి పెద్దల్లో ఒకరు ఆ పూటకు గట్టిగా నిలబడి చెప్పాలి. మరణ నమోదు 21 రోజుల్లోపు అయితే ఉచితం, 30 రోజుల్లోపు అయితే ఆలస్య రుసుము. ఆ తర్వాత ఏడాదిలోపు అయితే పై రిజిస్ట్రారు రాతపూర్వక అనుమతి కావాలి. ఏడాది దాటితే ఇదివరకు ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లాల్సి వచ్చేది. 2023 సవరణ తర్వాత జిల్లా మేజిస్ట్రేటు, సబ్ డివిజినల్ మేజిస్ట్రేటు, లేదా జిల్లా మేజిస్ట్రేటు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ఉత్తర్వు సరిపోతుంది. ఈ మార్పు తెలియక ఇప్పటికీ కోర్టుకు పొమ్మనే గుమస్తాలు ఉన్నారు. సవరణ ప్రతి ఒకటి సంచిలో పెట్టుకెళ్లండి.

బోటు, వలల నష్టం వేరే కాగితం. పూర్తిగా పోయిన బోటుకు ఆ నిబంధనల్లో ఉన్నది 15,000, పూర్తిగా పోయిన వలకు 4,000. ఇప్పటి ఫైబర్ బోటు ధర తెలిసినవాళ్లకు ఇది వింటే నవ్వొస్తుంది. అయినా దరఖాస్తు పెట్టాలి. పెట్టకపోతే నష్టపోయినవాళ్ల లెక్కలోకి ఆ ఇల్లు రాదు, రేపు సభలో మంత్రి చదివే అంకె ఆ లెక్కలోంచే వస్తుంది. బీమా సంగతీ చూసుకోండి. మత్స్య సంపద యోజన కింద మత్స్యకారుల సామూహిక ప్రమాద బీమాలో మరణానికి 5 లక్షలు. పేరు ముందే ఎక్కించుకుని ఉండాలి.

ఇక గల్లంతైనవాళ్లు. ఇక్కడ మా పాలేల్లో జరిగే పెద్ద పొరపాటు ఫిర్యాదు ఆలస్యం చేయడం. రెండు రోజులు చూద్దాం, పక్క రేవులో చేరి ఉంటాడేమో, చెన్నై వైపు కొట్టుకుపోయి ఉంటాడేమో అని వారం గడుపుతారు. ఆశ ఎవరికైనా ఉంటుంది, తప్పు పట్టలేం. కానీ తుపాను తీరం దాటిన తేదీకీ ఫిర్యాదు తేదీకీ మధ్య ఎడం పెరిగే కొద్దీ ‘విపత్తు వల్లే గల్లంతు’ అని రాయడానికి అధికారి కలం ముందుకు సాగదు. కనబడటం లేదన్న కేసుగా మొదటి రోజే స్థానిక స్టేషన్లోనో మెరైన్ పోలీసు స్టేషన్లోనో నమోదు చేయించాలి. ఫిర్యాదులో తుపాను మాట, బోటు నంబరు, రేవు పేరు, దిగిన సమయం ఉండాలి. వాతావరణ శాఖ వేటకు వెళ్లొద్దని హెచ్చరిక ఇవ్వకముందే దిగారా, తర్వాత దిగారా అన్నది తప్పకుండా అడుగుతారు. ముందే దిగి ఉంటే ఆ మాట ఫిర్యాదులోనే రాయించండి. అదే రోజు సచివాలయంలో మత్స్య సహాయకుడికీ వీఆర్వోకూ ఒక్కో ప్రతి ఇచ్చి, మన దగ్గరి ప్రతి మీద తేదీతో సంతకం తీసుకోవాలి. ముద్ర లేదంటే సంతకం చాలు. సంతకం కూడా లేదంటే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి రసీదు నంబరు తీసుకోండి. రసీదు నంబరు లేని అర్జీ నోటిమాటతో సమానం.

ఇంతవరకు ఎవరైనా చేస్తారు. ఇక్కడి నుంచి నాయకుల మద్దతు కావాలి.

మేం మొదట తప్పు అడిగాం. ‘కొత్త చట్టం తేవాలి’ అని పెద్ద అక్షరాలతో అర్జీ రాశాం. సెక్రటేరియట్‌లో పని చేసి రిటైరైన ఒకాయన చదివి, మీకు చట్టం కావాలా, డబ్బు కావాలా అని అడిగాడు. ఆ ప్రశ్న దగ్గర మా అర్జీ రెండుగా చీలింది. ఆయన చెప్పిన లెక్క ఇది. శాసనసభ్యుడు సొంతంగా ప్రైవేటు సభ్యుల బిల్లు పెట్టొచ్చు. కానీ ఖజానా నుంచి ఖర్చు పడే బిల్లు అయితే రాజ్యాంగంలోని 207వ అధికరణం అడ్డొస్తుంది, గవర్నరు సిఫారసు లేకుండా సభ దాన్ని ఆమోదించకూడదు. గవర్నరు సిఫారసంటే ప్రభుత్వం తలూపడమే. ఇక 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం పార్లమెంటు చేసింది, అదీ ఉమ్మడి జాబితాలోని సామాజిక భద్రత అంశం కింద. దానికి ఎదురు నడిచే రాష్ట్ర చట్టం నిలవాలంటే 254వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి ఆమోదం కావాలి. అంత దూరం ఎందుకు? ఆ చట్టంలోనే 78వ సెక్షన్ రాష్ట్రానికి నియమాలు చేసుకునే అధికారం ఇస్తోంది. అధికారులు పాటించాల్సిన పద్ధతి చెప్పడానికి చాలాసార్లు ఒక జీవో సరిపోతుంది. పైగా చూపించడానికి ముందుదారి ఉంది. 2021 ఫిబ్రవరిలో చమోలీ వరద వచ్చాక ఉత్తరాఖండ్‌లో గల్లంతైనవాళ్లను ఏడేళ్లు ఆగకుండా, విచారణ జరిపి, అభ్యంతరాలకు గడువిచ్చి, మరణించినట్టు ప్రకటించే పద్ధతి అమలు చేశారు. కొండల్లో కుదిరింది కడలి ఒడ్డున ఎందుకు కుదరదన్నదే మా అర్జీలో అసలు వాక్యం అయింది.

కాబట్టి రాష్ట్రాన్ని అడగాల్సింది నియమాలూ జీవో. కేంద్రాన్ని అడగాల్సింది చట్టంలో శాశ్వతమైన సవరణ. విపత్తు నిర్వహణ సవరణ బిల్లుకు లోక్‌సభ 2024 డిసెంబరులో, రాజ్యసభ 2025 మార్చిలో ఆమోదం తెలిపాయి. అందులో జాతీయ, రాష్ట్ర స్థాయిల్లో విపత్తుల సమాచార నిధి (డేటాబేస్) ఏర్పాటు చేయాలని ఉంది. గల్లంతైనవాళ్ల వివరాలు ఆ సమాచార నిధిలో ప్రత్యేక వరుసగా ఉండాలని అడగడం ఇప్పుడు సబబైన కోరిక. ఉన్న చట్టంలో ఉన్న ఏర్పాటునే వాడమంటున్నాం కనుక కాదనడం ఎవరికైనా కష్టం.

ఎవరి దగ్గరికి వెళ్లాలన్నదీ తేలిగ్గా తప్పే విషయం. జిల్లా నెల్లూరైతే ఎంపీ కూడా నెల్లూరు ఎంపీయే అనుకుంటారు. ముత్తుకూరు, తోటపల్లిగూడూరు మండలాల పాలేలు సర్వేపల్లి నియోజకవర్గంలో ఉన్నాయి. సర్వేపల్లి తిరుపతి లోక్‌సభ స్థానం కిందికి వస్తుంది. ఇందుకూరుపేట, విడవలూరు వాళ్లు కోవూరు, అంటే నెల్లూరు ఎంపీ. ప్రకాశంలో కొత్తపట్నం వాళ్లకు ఒంగోలు ఎంపీ, అదే చీమకుర్తి వైపు వాళ్లకు సంతనూతలపాడు నియోజకవర్గం కనుక బాపట్ల ఎంపీ. వేరే నియోజకవర్గం సభ్యుడి దగ్గరికి వెళితే ఆయన పలకరిస్తాడు, టీ ఇస్తాడు, ఫోటో కూడా దిగుతాడు. అర్జీ మాత్రం ‘సంబంధిత సభ్యుడికి పంపడమైనది’ అన్న ముక్కతో ముగుస్తుంది. 175 మంది ఎమ్మెల్యేలే కాకుండా మండలిలో 58 మంది ఎమ్మెల్సీలు కూడా ఉన్నారని మరిచిపోతాం. వాళ్లూ ప్రశ్నలు వేయొచ్చు, పైగా వాళ్ల గుమ్మం దగ్గర రద్దీ తక్కువ.

మద్దతిస్తున్నాను అని నాయకుడు అనడం ఒక సంగతి. ఆ మద్దతు ఏ రూపంలో ఉందన్నది వేరే సంగతి. లెటర్ ప్యాడ్ మీద సిఫారసు లేఖ అన్నిటికంటే తేలిక, అన్నిటికంటే బలహీనం. జీరో అవర్‌లో ప్రస్తావిస్తే పేపర్లో వస్తుంది, అయితే మంత్రి ‘నోట్ చేసుకున్నాం’ అంటే అక్కడితో సరి. ప్రైవేటు బిల్లు పేరు గొప్పగా ఉంటుంది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక పార్లమెంటులో చట్టమైన ప్రైవేటు బిల్లులు 14 మాత్రమే, చివరిది 1970లో. అయినా మా ఎంపీ బిల్లు పెడతానంటే వద్దనం. చర్చకు వస్తే, అలాంటి బిల్లులకు కేటాయించిన శుక్రవారం మధ్యాహ్నం సభలో మాట నిలుస్తుంది, మంత్రి జవాబు చెప్పాల్సి వస్తుంది. లోక్‌సభలో 377 నిబంధన కింద లేవనెత్తితే సంబంధిత శాఖ రాతపూర్వకంగా జవాబు పంపుతుంది, ఆ ఉత్తరం విలువైన కాగితం.

మేం చూసినంతలో ఎక్కువ ఫలం ఇచ్చేది నక్షత్ర గుర్తు ప్రశ్న. మంత్రి నిలబడి నోటితో చెప్పాలి, సభ్యులు అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. కానీ ప్రశ్న రాయడం ఒక విద్య. సభ్యుడి దగ్గర సహాయకుడు ఉంటాడు, అతనికి వంద పనులు. మనం ప్రశ్న రాసి ఇస్తే తప్ప ప్రశ్న పుట్టదు. మా మొదటి ముసాయిదా ఇలా ఉండేది:

ఎ) తుపానులో గల్లంతైన మత్స్యకారుల కుటుంబాలు పరిహారం అందక తీవ్ర ఇబ్బందులు పడుతున్న విషయం ప్రభుత్వ దృష్టికి వచ్చిందా?
బి) వచ్చి ఉంటే, ఎంతమంది?
సి) తీసుకున్న చర్యలేమిటి?

దీనికి జవాబు ఎలా వస్తుందో సభ వ్యవహారాలు తెలిసినవాళ్లకు ముందే తెలుసు. ‘ఎ) లేదండీ. బి), సి) ప్రశ్న ఉత్పన్నం కాదు.’ మొదటి ముక్కకు ‘లేదు’ అనే వీలు ఇచ్చామంటే మిగతా రెండు ముక్కల ప్రాణం మనమే తీసినట్టు. ‘తీవ్ర ఇబ్బందులు’ లాంటి మాటలు అసలు పనికిరావు, అభిప్రాయం అని పక్కన పెట్టేస్తారు. తిరగరాసినది ఇది:

ఎ) 2021 నుంచి తుపాన్లు, వరదల సమయంలో సముద్రంలో గల్లంతైనట్టు నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో నమోదైన కేసులు సంవత్సరాలవారీగా ఎన్ని?
బి) వాటిలో విపత్తు స్పందన నిధి నుంచి పరిహారం మంజూరైనవి ఎన్ని, పెండింగ్‌లో ఉన్నవి ఎన్ని, ఏ కారణంతో?
సి) గల్లంతైనవారిని ఏడేళ్లు ఆగకుండా మరణించినవారిగా ప్రకటించేందుకు 2005 చట్టం 78వ సెక్షన్ కింద నియమాలు చేసే ప్రతిపాదన ఉందా? ఉంటే ఏ దశలో ఉంది?

అంకె అడిగితే శాఖ కింది వరకు రాసి వివరాలు తెప్పించుకోక తప్పదు. కలెక్టరేట్ నుంచి తహసీల్దారుకు, తహసీల్దారు నుంచి వీఆర్వోకు వైర్లెస్ మెసేజి వచ్చినట్టు ఉరుకులు మొదలవుతాయి. నెలల తరబడి కదలని ఫైళ్లు ఆ వారంలో కదులుతాయి. ప్రశ్న సభలో చర్చకు రాకపోయినా, సభ మధ్యలోనే వాయిదా పడినా, ఈ లాభం మాత్రం మిగులుతుంది. వివరాలు తెప్పించే సమయంలో మన పుస్తకం వీఆర్వో ముందు ఉండాలి. లేకపోతే ‘ఈ గ్రామానికి సంబంధించి వివరాలు శూన్యం’ అని పైకి పోతుంది, తర్వాత ఆ శూన్యాన్ని మార్చడం దేవుడి తరం కూడా కాదు.

మంత్రి ‘పరిశీలిస్తాం’ అన్నారనుకోండి, చాలామంది నిట్టూరుస్తారు. నిజానికి ఆ మాట పట్టుకోవాల్సినదే. సభలో మంత్రి ఇచ్చిన మాటలను చూసే హామీల కమిటీ ఒకటి ఉంది. ఏ తేదీన, ఏ ప్రశ్న నంబరుకు, మంత్రి ఏ వాక్యం చెప్పారో రికార్డులోంచి అక్షరం పొల్లుపోకుండా రాసి, దాన్ని హామీగా తీసుకోవాలని సభ్యుడి చేత కమిటీకి రాయించాలి. పేపర్లో వచ్చిన వార్త చాలదు, వార్తలో మంత్రి మాట విలేకరి మాటగా మారుతుంది.

నాయకుడికి ఇచ్చే నోటు ఒకటే పేజీ. ఇది మా చేత్తో నాలుగుసార్లు చిరిగి నేర్చుకున్నది. పై మూడో వంతులో ఏం కావాలి, మధ్యలో ఎందుకు కుదురుతుంది, చమోలీ ముందుదారి, సెక్షన్ నంబరు. కింది మూడో వంతులో పాలెం పేరు, మన నియోజకవర్గంలో ఎన్ని కుటుంబాలు, ఎన్ని కేసు నంబర్లు. ఇంకేం వద్దు. పేర్ల జాబితా రెండో కాగితం, ఎఫ్‌ఐఆర్ నకళ్లు మూడో కట్ట. తేదీ చూసుకుని ఇవ్వాలి. రెండు సమావేశాల మధ్య ఆరు నెలలు మించకూడదన్నది రాజ్యాంగంలోని 174వ అధికరణం. మా రాష్ట్రంలో బడ్జెట్ సమావేశాలు కాస్త ఎక్కువ రోజులు సాగుతాయి కనుక జనవరిలోనే ప్రశ్న అందించడం మంచిది. సభ మొదలయ్యాక అసెంబ్లీ ఉన్న వెలగపూడికి బస్సెక్కితే ఆ సమావేశాలకు అందదు.

శాఖ నుంచి జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మన దగ్గర గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. ‘నా అర్జీ ఏమైంది’ అని రాయకండి. ‘ఫలానా నంబరు అర్జీ మీద రాసిన నోట్‌ఫైల్ నకలు ఇవ్వగలరు’ అని రాయండి. నోట్‌ఫైల్లో ఎవరి బల్ల దగ్గర ఎన్ని రోజులు పడుకుందో తేదీలతో సహా కనిపిస్తుంది.

నివాళి సంగతికి వస్తాను. పెద్ద విపత్తు తర్వాత సభ కూడినప్పుడు సంతాపం తెలిపి, సభ్యులు లేచి రెండు నిమిషాలు మౌనం పాటిస్తారు. ఆ మౌనంలో మా వాళ్ల పేర్లు ఉండవు. మరణించిన మాజీ సభ్యులకైతే పేరు పేరునా తీర్మానం. తుపాను మృతులకు ‘తుపానులో మరణించినవారికి’ అన్న ఒక్క ముక్క. ఇది ఎవరి తప్పూ కాదు, ఆనవాయితీ అంతే. కానీ సభ్యుడు తన ప్రసంగంలో పేర్లు చదివితే అవి సభ రికార్డులోకి ఎక్కుతాయి. అందుకే పేర్ల జాబితా వేరే కాగితం మీద, పెద్ద అక్షరాల్లో, పలకడానికి వీలుగా ఇవ్వాలి. ఇంటిపేరు పొడి అక్షరాలుగా కాకుండా పూర్తిగా రాయాలి. ఇరవై పేర్లు చదవడానికి నిమిషంన్నర చాలదు, సభాపతి బెల్లు కొడతారు. పది పేర్ల లోపైతే చదివించండి, ఎక్కువైతే జాబితాను సభ ముందు ఉంచమని సభ్యుణ్ణి కోరండి. గల్లంతైనవాళ్లను ‘మృతులు’ అని చదవకూడదని జాబితా పైనే ఎర్ర సిరాతో రాశాం. పరిహారం రాకముందే సభలో మృతులన్నారని సంతోషించే సంగతి కాదిది. టీవీలో చూసే ఆ ఇంటి ఆడవాళ్లకు ముందు చెప్పని మాట అక్కడ వినపడకూడదు.

ఇక రాయి. స్థలం దగ్గరే సగం పాలేల్లో పని ఆగిపోతుంది. ఒడ్డు మీదే పెడదామంటారు అందరూ. తీరప్రాంత నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నోటిఫికేషన్ 2019 ప్రకారం గ్రామీణ తీరంలో జనసాంద్రత తక్కువున్నచోట పోటు గీత నుంచి 200 మీటర్లు నిర్మాణాలు కూడని ప్రాంతం. రోడ్డు పక్కన పెడదామంటే రోడ్లు, కాలిబాటలు, ప్రజలు నడిచే జాగాల్లో విగ్రహాలకు అనుమతులివ్వొద్దని 2013 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకని గ్రామకంఠంలోనో, పంచాయతీ జాగాలోనో, తుపాను షెల్టర్ ఆవరణలోనో పెట్టుకోవాలి. షెల్టర్ అయితే నేల ఎత్తుగా ఉంటుంది, తాళం ఉంటుంది, ప్రతి తుపానుకూ ఊరంతా అక్కడికే చేరుతుంది. పంచాయతీ తీర్మానంలో సర్వే నంబరు, విస్తీర్ణం, రాయి కొలతలు, నిర్వహణ ఎవరిదన్నది ఉండాలి. ఎంపీ నిధులు అడగొద్దు, వాటి మార్గదర్శకాలు స్మారకాలను ఒప్పుకోవు. ఊళ్లో చందాలే దారి. ఇంటికింత అని కాకుండా బోటుకింత అని వేసుకుంటే ఎవరికీ బరువు కాదు.

ప్రకాశం జిల్లాలో ఉండి రాయి కోసం వేరే చోటికి పోనక్కర్లేదు, చీమకుర్తి గెలాక్సీ రాయికి ప్రపంచమంతా పేరు. కానీ పేర్లు చెక్కడానికి అది మంచి ఎంపిక కాదని నా అభిప్రాయం. నల్లటి రాయిలో బంగారు చుక్కలు మెరుస్తుంటాయి కదా, ఎండ పడితే ఆ మెరుపు చిన్న అక్షరాలను మింగేస్తుంది. చుక్కలు లేని నల్ల గ్రానైటు తీసుకోండి. నునుపు చేసిన ముందు ముఖం, గరుకుగా వదిలిన వెనక ముఖం. ఆరడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు, మూడంగుళాల మందం ఉన్న పలక దాదాపు 350 నుంచి 400 కిలోలు తూగుతుంది. నలుగురు మోసేది కాదు, ఇసుకలోకి ట్రాక్టరు దిగబడకుండా పలకలు పరచాలి.

అక్షరాల దగ్గర తెలుగుకు తెలుగు కష్టాలున్నాయి. ఇంగ్లీషు పేరైతే అంగుళం ఎత్తు అక్షరం చాలు. మనకు ఒత్తులు, వట్రుసుడి, గుడి దీర్ఘం ఉన్నాయి. అంగుళంలో చెక్కితే ఒత్తు పూడిపోయి మచ్చలా మిగులుతుంది. అంగుళంన్నర అక్షరం, వరుసకూ వరుసకూ మూడంగుళాల ఎడం పెట్టండి. లోతు 4 నుంచి 5 మిల్లీమీటర్లు. మిషను ఇసుకతో చెక్కి తెల్లరంగు నింపుతారు. ఉప్పు గాలికి రంగు మూడు నాలుగేళ్లలో పొడిపొడిగా రాలుతుంది. లోతు సరిగ్గా ఉంటే రంగు పోయినా వేలితో తడిమి పేరు చదవొచ్చు.

డీటీపీ షాపులో ఇంకో గండం ఉంది. పేర్లు అను ఫాంటులో టైపు చేసి ఫైలు రాతి పనివాళ్లకు పంపుతారు. వాళ్ల కంప్యూటరులో ఆ ఫాంటు లేకపోతే అక్షరాలు మారిపోతాయి. అవి మారిన సంగతి తెలుగు చదవని ఆపరేటరుకు తెలియదు. అందుకే అక్షరాలను గీతలుగా మార్చి పీడీఎఫ్ పంపమనాలి. ఆపైన రాయికి సరిపడా కాగితం మీద అసలు సైజులో అచ్చు తీయించి, పాలెంలో గోడకు అంటించి, ప్రతి ఇంటివాళ్ల చేత వాళ్ల పేరు పక్కన టిక్కు పెట్టించాలి. మేం అంటించిన కాగితం మీద మూడు పేర్లకు దిద్దుబాట్లు వచ్చాయి. ఒకటి ఇంటిపేరు, రెండోది దీర్ఘం, మూడోది ఆధార్‌లోనే తప్పున్న పేరు. మూడోదానికి ఏం చేయాలన్నది పెద్ద చర్చ అయింది. రాయి మీద ఊరు పిలిచే పేరు, ఫైలులో ఆధార్ పేరు అని తేల్చుకున్నాం.

పునాది గుంత ఇసుకలో నాలుగడుగులు. కాంక్రీటుకు ఉప్పునీటి బావి నీళ్లు వాడనివ్వకండి, పంచాయతీ కుళాయి నీళ్లే వాడాలి. ఉప్పునీళ్లతో కలిపితే రెండో ఏడు తెల్లటి పొక్కులు లేస్తాయి, లోపలి ఇనుము తుప్పు పడుతుంది. పలకను పీఠానికి బిగించే కమ్మీలు మామూలు ఇనుముతో వేస్తే తుప్పు ఉబ్బి రాయిని లోపలి నుంచి పగలగొడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు లేదా రాగి కమ్మీలు వేయించండి. మొత్తం పనిలో వాటి ఖర్చు పెద్దది కాదు. మేస్త్రీ మాత్రం వద్దనే అంటాడు.

ఆవిష్కరణకు నాయకుణ్ణి పిలిస్తే శిలాఫలకం అడుగుతారు. మృతుల పలక మీద నాయకుల పేర్లు వద్దని ముందే చెప్పేశాం. పీఠం వెనక వైపు అడుగు బై అడుగున్నర పలక మీద తేదీ, వచ్చినవారి పేర్లు. ఇది మొదటిరోజే తేల్చుకోకపోతే చివరిరోజు ప్రోటోకాల్ ప్రకారం ఎవరి పేరు ముందన్న గొడవలో పోయినవాళ్ల పేర్లు చిన్నవైపోతాయి. ఎన్నికల కోడ్ ఉన్న నెలల్లో పెట్టుకోకండి, గుడ్డ కప్పేసి పోతారు. తేదీకి డిసెంబరు 26 చాలా పాలేల్లో వాడుక, 2004 సునామీ రోజు. ఆ రోజు ఎలాగూ సముద్రానికి పూలు వేస్తారు, రాయికీ ఆ రోజే వేస్తే మరిచిపోరు.

పలక కింది భాగంలో పేర్లు అయిపోయాక ఒక అడుగున్నర ఖాళీగా వదిలించాం. శవం దొరక్క, పేరు చెక్కడానికి ఇంటివాళ్లు ఇంకా ఒప్పుకోని నాలుగు ఇళ్లున్నాయి.